నాటు చెట్టు కాయకి మాటలు

మామిడిపండు తిన్నాక మనం వాడే మాటలు ఒకసారి లెక్కపెట్టండి. బాగుంది. తియ్యగా ఉంది. కాస్త పులుపు తగిలింది. పీచు ఎక్కువ. సూపర్. అంతే, సరుకు అయిపోయింది. చుట్టూ మామిడి తోటలున్న తిరువూరులో ఉంటూ, ఏటా రెండు మూడు నెలలు ఆ పండే తినే మన పరిస్థితి ఇది. అదే బిర్యానీ గురించైతే అరగంట మాట్లాడతాం.

ఈ వేసవిలో నాకు ఇంకొన్ని మాటలు అవసరపడ్డాయి. సరదాకి కాదు. మా ముత్తాత వేసిన తోటలో ముప్ఫై ఒక్క చెట్లు మిగిలాయి. వాటిని తీసేసి ఆయిల్ పామ్ వేద్దామని బాబాయి చాలా రోజులుగా అంటున్నాడు. ఆయన లెక్క ఆయనకుంది. ఒక ఏడు కాస్తే ఇంకో ఏడు కాయవు. పూత మీద తేనెమంచు పురుగు పడితే వచ్చిందంతా మందులకే పోతుంది. అంత ఎత్తు చెట్లెక్కి చిక్కంతో కాయ దించే మనుషులు దొరకడం లేదు. నేను రుచి సంగతి ఎత్తితే, “రుచి రుచి అంటావేంట్రా, నున్న మార్కెట్లో కాటాకి నాలుకుందా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

చివరికి నాన్న మధ్యేమార్గం చెప్పాడు. నాలుగు చెట్ల నుంచి అంటు కట్టించి ఇంటి వెనక పెట్టుకుందాం, ఏ నాలుగో మీరంతా కూర్చుని తేల్చండి అని. అక్కడ మొదలైంది గొడవ. నాయనమ్మ గట్టు చెట్టంటుంది, అత్తయ్య బావి చెట్టంటుంది, తమ్ముడు ఎర్ర చెట్టంటాడు. ఎందుకు అని అడిగితే అందరి జవాబూ ఒకటే: “అది బాగుంటుంది.” ఆ ఒక్క మాటతో నాలుగు చెట్లని ఎంచడం కుదరదు కదా.

గొడవకి అసలు కారణం చెప్పాలంటే టెంక దగ్గరికి వెళ్లాలి. మా ముప్ఫై ఒక్కట్లో చాలావరకు చిన్న రసాలు, బంగినపల్లి. అవి అంటు చెట్లు. కొట్టేసినా అదే రకం మొక్క ఏ నర్సరీలోనైనా దొరుకుతుంది. మిగిలిన ఏడు నాటు చెట్లు, అంటే ఎవరో తిని పారేసిన టెంకలోంచి మొలిచినవి. మన మామిడి రకాల్లో చాలావాటికి టెంకలో ఉండేది ఒకటే పిండం. అది పూతలో కలిసిన రెండు చెట్ల బిడ్డ. అందుకే బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదు, ఏదో ఒకటి వస్తుంది. ఆగ్నేయాసియా రకాల్లో చాలావాటికి ఒక టెంకలోంచే నాలుగైదు మొలకలు రావడం, అవి తల్లికి నకళ్లు కావడం మామూలు. మన చెట్లకి ఆ గుణం లేదు. కాబట్టి మా గట్టు చెట్టు లాంటి చెట్టు భూమ్మీద అదొక్కటే. కొట్టేస్తే ఆ రుచి ఇంకెక్కడా దొరకదు. పోనీ రకం పేరు చెప్పి కాపాడదామా అంటే దానికి పేరే లేదు. “గట్టు చెట్టు” అనేది పేరు కాదు, అడ్రసు.

సరిగ్గా ఈ ఇబ్బంది ఎవరికైనా వచ్చిందా అని వెతుకుతుంటే వైన్ వాళ్లు తగిలారు. (నేను వైన్ తాగలేదు, దాని గురించి చదివానంతే. ఈ మేగజీన్ మా అమ్మ కూడా చదువుతుంది.) ద్రాక్షదీ మామిడి కథే, గింజ పెడితే తల్లి గుణం రాదు. అందుకే పేరున్న ద్రాక్ష రకాలన్నీ వందల ఏళ్లుగా కొమ్మ ముక్కలతోనే నడుస్తున్నాయి. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఫిలాక్సెరా అనే వేరు పురుగు అమెరికా నుంచి యూరప్ చేరి అక్కడి తోటలని తుడిచిపెట్టేసింది. అప్పటి నుంచి అమెరికా వేరు మీద యూరప్ కొమ్మని అంటు కట్టడమే పద్ధతయింది. ఆ పురుగు చేరని చోట్లలో దక్షిణ ఆస్ట్రేలియా ఒకటి. అక్కడి బరోసా లోయలో పందొమ్మిదో శతాబ్దంలో నాటిన తీగలు ఇప్పటికీ కాస్తున్నాయి. తమాషా ఏమిటంటే 1980ల్లో ద్రాక్షకి ధర పడిపోతే, తీగలు పీకేసిన రైతుకి అక్కడి ప్రభుత్వమే డబ్బిచ్చింది. ఎన్నో ముసలి తీగలు అలా పోయాయి. తర్వాత వాటి వైన్‌కి గిరాకీ పెరిగాక, 2009లో బరోసా వాళ్లు తీగల వయసుకి తరగతులు పెట్టుకున్నారు. 35 ఏళ్లు దాటితే ముసలిది, 70 దాటితే బతికి బట్టకట్టింది, 100 దాటితే శతాయుషి, 125 దాటితే పూర్వీకురాలు. తెలుగు పేర్లు నావి, తరగతులు వాళ్లవి. ఫ్రాన్సులో మాత్రం సీసా మీద ‘ముసలి తీగలు’ అని వేసుకోడానికి చట్టంలో ఇన్నేళ్లని లెక్కేమీ లేదు. ఎవరి ముసలితనం వాళ్లిష్టం.

ఆ తీగలని వయసు ఒక్కటే నిలబెట్టలేదు. వాటి రసం ఎలా ఉంటుందో చెప్పే మాటలు వాళ్ల దగ్గర అప్పటికే ఉన్నాయి. ఆ మాటలు కొనేవాడికీ అర్థమవుతాయి. 1984లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో ఆన్ నోబుల్ అనే ఆవిడా ఆవిడ సహచరులూ కలిసి ఒక వాసనల చక్రం అచ్చువేశారు. మధ్యలో పండు, పువ్వు, మసాలా, మట్టి, కట్టె లాంటి పెద్ద గుంపులు. బయటికి వెళ్లేకొద్దీ పండు అంటే ఏ పండు, మసాలా అంటే ఏ మసాలా అని చీలుతుంది. ఒకటే షరతు: “అద్భుతం”, “హుందా” లాంటి మాటలకి చోటు లేదు. ముక్కుకి తగిలిన వస్తువు పేరే చెప్పాలి. లవంగం వాసన అంటే ఏమిటో అందరికీ ఒకేలా తెలియాలని, ఏ ప్రత్యేకతా లేని మామూలు వైన్‌లో లవంగం వేసి పక్కన పెట్టుకుంటారు. మన ల్యాబ్ భాషలో చెప్పాలంటే క్యాలిబ్రేషన్.

ఇది చదివాక మన మామిడి పేర్లు ఒకసారి వరసగా రాసి చూశాను. బంగినపల్లి ఊరి పేరు (2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది). చిన్న రసం, పెద్ద రసం సైజుని బట్టి. సువర్ణరేఖ రంగుని బట్టి. తోతాపురి చిలక ముక్కుని బట్టి, దాన్నే మనవైపు కలెక్టర్ కాయ అంటారు. ఇమామ్ పసంద్ ఎవరికి నచ్చిందో చెప్తుంది గానీ ఎందుకు నచ్చిందో చెప్పదు. రుచిని బట్టి పెట్టినవి చెరుకు రసం, పంచదార కలశ. ఆ రెండూ తీపి దగ్గరే ఆగిపోయాయి. వాసన జోలికి పోయిన పేరు నాకొక్కటీ కనబడలేదు.

నిజానికి మామిడిలో ముప్పాతిక రుచి వాసనే. నమ్మకపోతే రూములో మామిడి తాండ్ర ముక్క ఉంటే ఇప్పుడే చేసి చూడండి. ముక్కు గట్టిగా మూసుకుని నమలండి. తీపి తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, అది మామిడని మాత్రం తెలియదు. ముక్కు వదలండి. అప్పుడు వస్తుంది మామిడి. నోట్లో నలిగినప్పుడు పుట్టే ఆవిరి గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కితేనే మనకి “రుచి” తెలిసేది. జలుబు చేసినప్పుడు పప్పు చప్పగా ఉండడానికీ ఇదే కారణం. ఫ్రిజ్‌లోంచి తీసిన పండు సగం చచ్చినట్టు ఉండేది కూడా ఇందుకే, చల్లదనంలో ఆవిరి లేవదు. పండు రుచి రాయాలంటే గది వేడిలో ఉన్నదే తినాలి. తిరువూరు మే నెల గది వేడి అంటే మీకు తెలిసిందే, ఆ విషయంలో మనకి ఇబ్బంది లేదు.

ఆ ఆవిరిలో ఏముంటుంది? మామిడిది జీడిమామిడి కుటుంబం. ముచ్చిక తుంచితే చిమ్మే సొనలో పెదవి కాల్చే గుణంతో పాటు టెర్పీన్లనే పరిమళ నూనెలు ఉంటాయి. నిమ్మ తొక్కలో, దేవదారు బంకలో ఉండేవి కూడా ఆ జాతివే. పండులో వీటితో పాటు లాక్టోన్లు ఉంటే కొబ్బరి వాసన తగులుతుంది, ఫ్యురనియాల్ ఉంటే కాగిన బెల్లం వాసన. ఏది ఎంత పాళ్లలో ఉందన్నది రకాన్ని బట్టి మారుతుంది. కాబట్టి “ఈ పండు కర్పూరం కొడుతోంది” అన్న మనిషి కవిత్వం చెప్పడం లేదు. అతని ముక్కు ఒక అణువుని పట్టుకుంది, అంతే.

మాటల విషయంలో మనం మరీ బీదవాళ్లమేం కాదు, వాడటం మానేశాం. ఉదాహరణకి వగరు. ఎర్ర వైన్ తాగినప్పుడు నాలుక గరుకుగా పట్టినట్టుండే గుణాన్ని టానిన్ అని పాఠంలా నేర్పుతారట. మనకి అది ఉగాది పచ్చడిలోనే అందుతుంది, నేరేడు పండుతో బలపడుతుంది. తీపి ఎక్కువై పులుపు తక్కువైతే ఏమవుతుందో చెప్పడానికి వెగటు ఉంది, మొహం మొత్తడం ఉంది. పులుపు తీపీ లేనిది చప్పన. సగం పండింది దోర. రసం పల్చనా చిక్కనా, పీచు పొడుగా పొట్టా, గొంతు పట్టిందా లేదా. ఇవన్నీ మా నాయనమ్మ నోట్లో ఉన్నాయి, నా నోట్లోనే లేవు. గట్టు చెట్టు గురించి గట్టిగా అడిగితే ఆవిడ, “ఆ కాయ తిన్నాక చెయ్యి కడుక్కోబుద్ధి కాదురా” అంది. వాసన ఎంతసేపు నిలుస్తుందన్నది వైన్ వాళ్లకి పెద్ద లెక్క. మింగాక ఒక సెకను నిలిస్తే ఫ్రెంచి వాళ్లు ఒక ‘కొడాలి’ అంటారు. మన కృష్ణా జిల్లా ఇంటిపేరుకీ దానికీ సంబంధం లేదు, వాళ్ల మాట తోక అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. గట్టు చెట్టు కాయని కొడాలీల్లో కొలవాలంటే మధ్యాహ్నం దాకా కూర్చోవాలి.

ఇక పని. మొదటి నియమం, అన్ని చెట్ల కాయా ఒకే ముదురులో ఉండాలి. లేత కాయ కోసి ఈ చెట్టు పులుపు అంటే చెట్టుకి అన్యాయం. బకెట్ నీళ్లలో వేసి మునిగిన కాయలే తీసుకున్నాం. ముదిరే కొద్దీ కాయ సాంద్రత పెరిగి నీళ్లని దాటుతుంది. ఆర్కిమెడిస్ ఇలా పనికొస్తాడని ఫస్టియర్లో ఎవరూ చెప్పలేదు. తర్వాత వరిగడ్డిలో మాగేశాం. కార్బైడ్ ఊసే ఎత్తలేదు. అది నిషేధం అన్నది ఒకటైతే, దాంతో తొక్క పసుపు తిరుగుతుంది గానీ లోపల వాసన తయారవదన్నది రెండోది. (ఇథిలిన్ వాయువుకి మాత్రం ఆహార భద్రతా సంస్థ 100 పీపీఎం దాకా అనుమతిస్తుంది.) పళ్లకి అంకెలు వేసి, ఏ అంకె ఏ చెట్టుదో అమ్మ ఒక్కదానికే తెలిసేలా చేశాం. పక్కన చిన్న గిన్నెల్లో కర్పూరం, నిమ్మ తొక్క, పచ్చి అల్లం, కొబ్బరి కోరు, బెల్లం పాకం, చితికిన మామిడాకు, తాటిపండు గుజ్జు పెట్టాం. పండు వాసన చూసి, గిన్నె వాసన చూసి, ఏది దగ్గరో రాయాలి. మొదటి రోజు అందరూ నవ్వారు. రెండో రోజు అత్తయ్య, “ఇది తాటిపండు కాదు, పనస. గిన్నె మార్చండి” అని కేకేసింది. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది.

తీపిని కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ ఉంది. ఒక చుక్క రసం వేసి వెలుతురుకి పెట్టి చూస్తే బ్రిక్స్ అంకె కనిపిస్తుంది, నూరు గ్రాముల రసంలో సుమారు ఇన్ని గ్రాముల చక్కెర అని. పనికొచ్చే అంకె. కానీ ఒకే బ్రిక్స్ ఉన్న రెండు పళ్లలో పులుపు తేడా ఉంటే, ఒకటి నోరూరిస్తుంది, ఒకటి వెగటు పుట్టిస్తుంది. వాసన గురించి ఆ పరికరానికి ఏమీ తెలియదు. బాబాయి కాటాకి ఇది తమ్ముడన్నమాట.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న: చెట్టు ముసలిదైతే కాయ రుచి పెరుగుతుందా? ముసలి తీగల వైన్ గురించి కూడా ఇదే వాదన నడుస్తోంది. అవునని చెప్పడానికి కారణాలున్నాయి. వేళ్లు లోతుకి పోతాయి కాబట్టి ఎండకీ వానకీ చెట్టు ఊగిపోదు. కాపు తగ్గితే ఉన్న కాయలకి చక్కెర ఎక్కువ అందుతుంది. కోతకి ముందు నీరు తక్కువైతే రసం చిక్కనవుతుంది. ముసలి చెట్టుకి డ్రిప్పు ఎవరూ పెట్టరు. అయితే నాకు ఇంతకన్నా బలంగా కనబడే కారణం వేరే ఉంది. రుచిలేని చెట్లు ముసలివి కాకముందే కట్టెలయ్యాయి. తాతయ్య కాలంలో వంటచెరుకు కోసం చెట్టు కొట్టాల్సి వస్తే గట్టు చెట్టు ఎందుకు కొట్టలేదు? కాయ బాగుంది కనక. అంటే ముసలితనం వల్ల రుచి వచ్చిందో, రుచి వల్ల ముసలితనం దాకా బతికిందో ముందు తేల్చాలి. నా అంచనా రెండోదే ఎక్కువని.

కొంచెమైనా పరీక్షిద్దామని మూడు గ్లాసుల పద్ధతి పెట్టాం. పాత చిన్న రసం చెట్టు ఒకటి, దాని కొమ్మతోనే నాన్న పదేళ్ల కిందట కట్టించిన అంటు ఒకటి. రక్తం ఒకటే, వయసే వేరు. మూడు గ్లాసుల్లో రెండు ఒక చెట్టువి, ఒకటి రెండో చెట్టుది. వేరుగా ఉన్నది ఏదో చెప్పాలి. ఊరికే ఊహించినా మూడింట ఒక వంతు కరెక్టవుతుంది. తొమ్మిది మందిమి కూర్చున్నాం, ఐదుగురు సరిగ్గా చెప్పారు. నాయనమ్మ సంబరపడింది గానీ బైనామియల్ లెక్క వేస్తే, ఏ తేడా లేకపోయినా తొమ్మిదిలో ఐదో అంతకన్నా ఎక్కువో రావడానికి నూటికి 14 పాళ్లు అవకాశం ఉంది. ఆరుగురు చెప్పుంటే అది 4కి పడేది. ఆ ఒక్కరు తమ్ముడు, అప్పటికే కడుపు నిండా తినేసి వచ్చాడు. ఏదేమైనా వయసు తేడా రుచిలో ఉందని మా తోటలో రుజువు కాలేదు. చిన్న రసం విషయంలో బాబాయి మాటే నెగ్గింది, ఆ పాత చెట్లని ఉంచాలని నేను వాదించను. అంటు పిల్లలో ఆ రుచి ఉంది, చాలు.

నాటు చెట్ల సంగతి అలా కాదు. అక్కడ పోటీ వయసుల మధ్య కాదు, చెట్టుకీ చెట్టుకీ మధ్య. వారం రోజుల తర్వాత నోట్‌బుక్‌లో ఏడు చెట్లకి ఏడు పేజీలొచ్చాయి. రెండు ఇక్కడ పెడుతున్నాను.

“గట్టు చెట్టు. కాయ చిన్నది, గుండ్రం. పండినా తొక్క ఆకుపచ్చగానే ఉంటుంది, నొక్కి చూస్తే గానీ తెలియదు. ముచ్చిక తీయగానే పచ్చి అల్లం, వెనకాల కర్పూరం. నోట్లో ముందు పులుపు, రెండు మూడు గుటకల తర్వాత తీపి. రసం పల్చన. పీచు పొడుగు, పళ్ల మధ్య ఇరుకుతుంది. వాసన చేతికి పూట పైనే ఉంటుంది. మొదటి సొన పిండి పారేయకపోతే గొంతు పడుతుంది.”

“ఎర్ర చెట్టు. ముక్కు దగ్గర ఎరుపు, చూడ్డానికి అన్నిటికన్నా అందం. వాసన తక్కువ, దగ్గరగా పెడితే బెల్లం పాకం. తీపి బాగా ఎక్కువ, పులుపు లేదు. ఒక పండు బాగుంటుంది, రెండోది మొహం మొత్తుతుంది. పీచు లేదు. నాలుగో రోజుకి టెంక దగ్గర మెత్తబడిపోతుంది.”

పేజీలు చదివాక తమ్ముడే ఎర్ర చెట్టుని వదిలేశాడు. గట్టు చెట్టు, బావి చెట్టు, పనస వాసన వచ్చేది ఖాయమయ్యాయి. నాలుగోది బాబాయి చెప్పాడు, ఎవరూ అనుకోలేదు. పండు ఎవరూ తినని పుల్ల చెట్టు. “పండు మీద రాశారు, కాయ మీద రాయలేదే? దాని ఆవకాయ మరుసటి వేసవికి కూడా ముక్క గట్టిగా ఉంటుంది. అది రాయి” అని పక్కన కూర్చుని చెప్పి రాయించాడు. ఎనిమిదో పేజీ ఆయనది.

మీ ఇంట్లోనూ పేరులేని చెట్టుంటే ఇదే అదను. మామిడికి అంటు కట్టడానికి తొలకరి మంచి కాలం. మూడు నాలుగు నెలల వయసున్న, చివర మొగ్గ ఉబ్బిన కొమ్మ ఎంచుకోవాలి. వారం పది రోజుల ముందే దాని ఆకులు, తొడిమ కొంచెం మిగిలేలా కత్తిరించేయాలి. తర్వాత కొమ్మ కోసి తడిగుడ్డలో చుట్టి అదే రోజు నర్సరీకి చేర్చాలి. పండిన చెట్టు కొమ్మ కాబట్టి మూడు నాలుగేళ్లలో పూత పడుతుంది. నర్సరీ వాళ్లు మొక్కకి ఏ పేరు రాయాలి అని అడుగుతారు. మా వాటికి ఇంకా తేలలేదు. నాయనమ్మ ‘అల్లం రసం’ అంటోంది, బాబాయి మాత్రం తన చెట్టుకి ‘పుల్ల చెట్టు’ అనే ఉంచమంటున్నాడు.